పుస్తకం ఓడలో, తెర బండిలో
వలసకాలపు భారతీయ నాటకశాలల్లో పరదేశీ నాటకం: ఒక సమీక్ష

1848 ఆగస్టు 17 రాత్రి కలకత్తా పార్కు స్ట్రీటులోని సాన్ సూసీ నాటకశాలలో ఒథెల్లో వేషం కట్టినవాడు బైష్ణవ్ చరణ్ ఆఢ్య అనే బెంగాలీ యువకుడు. డెస్డిమోనా మిసెస్ ఆండర్సన్ అనే ఇంగ్లీషు నటి. ఆ నాటకం అంతకు వారం ముందే పడవలసింది. కొన్ని పాత్రలు వేయడానికి ఒప్పుకున్న తెల్ల సైనికులకు డమ్‌డమ్ సైనికాధికారి అనుమతి ఇవ్వకపోవడంతో ఆగిపోయింది. తీరా ఆడాక పత్రికలు అతని అభినయంతో పాటు ఇంగ్లీషు ఉచ్చారణనూ తూచి తూచి చూశాయి. సెప్టెంబరులో మరోసారి ఆడారు. ఏడాది తిరిగేసరికి సాన్ సూసీ మూతపడింది.

రెండే ప్రదర్శనలైనా, వలసకాలపు నాటకరంగం గురించి అడగవలసిన ప్రశ్నలన్నీ ఇందులో ఉన్నాయి. నాటకం ఎవరిది? శాల ఎవరిది? టిక్కెట్టు కొన్నదెవరు? స్త్రీ పాత్ర కట్టిందెవరు? ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? మన నాటక చరిత్రలు ఎక్కువగా అనువాదాల పట్టికతో ఈ కథ మొదలుపెడతాయి. పట్టిక మాత్రమే చదివితే, షేక్స్‌పియర్ ఓడ దిగి, కాలేజీ మెట్లెక్కి, అక్కణ్ణించి నేరుగా మన రంగస్థలం మీదికి నడిచివచ్చినట్టు అనిపిస్తుంది. ప్రదర్శనల చరిత్ర అలా లేదు. నాటక పాఠం ఒక దారిన వచ్చింది, నాటకశాల మరో దారిన వచ్చింది. కలకత్తాలో రెండూ ఒకే ఓడలో దిగినా దేశీయులకు చాలాకాలం తలుపు తెరుచుకోలేదు. బొంబాయిలో వ్యాపారం ఆ రెంటినీ కలిపింది. తెలుగునాట అవి చాలావరకు విడివిడిగానే ఉండిపోయాయి. ఈ మూడు ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి చూస్తే గాని, పరదేశీ నాటకం మనకేమిచ్చిందో, ఏమివ్వలేకపోయిందో తేలదు.

సొంతవాళ్ళ కోసం కట్టుకున్న శాల

కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళ మొదటి నాటకశాల 1753 నాటికే లాల్‌బజార్‌లో ఉంది. 1756లో సిరాజుద్దౌలా పట్టణం మీదికి వచ్చినప్పుడు అది పాడైంది. 1775లో చందాలతో మరొకటి కట్టుకున్నారు. చందాదారుల్లో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ వంటివాళ్ళు ఉన్నారు. లండన్ డ్రూరీ లేన్ నాటకశాలను నడిపిన మహానటుడు డేవిడ్ గారిక్ దీనికి సాయపడ్డాడు, బెర్నార్డ్ మెసింక్ అనే నిర్వాహకుణ్ణి కూడా పంపాడు. కృతజ్ఞతగా కలకత్తా వర్తకులు గారిక్ భార్యకు రంగుల అద్దకపు బట్ట పంపారు. అది మచిలీపట్నం సరుకు. ఇంగ్లండులో దేశీయ నేతను కాపాడటానికి భారతీయ అద్దకపు బట్టల మీద నిషేధం ఉండటంతో లండన్ కస్టమ్స్ వాళ్ళు దాన్ని పట్టేసుకున్నారు. గారిక్ మొరపెట్టుకోవలసి వచ్చింది. ఆ బట్టతో పరదాలు కట్టిన గారిక్ మంచం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లీషు నాటకం కలకత్తాకు సుంకం లేకుండా వచ్చింది, మచిలీపట్నం బట్ట మాత్రం లండన్ రేవులో ఆగిపోవలసి వచ్చింది. వలసకాలపు ఇచ్చిపుచ్చుకోవడాలు ఏ షరతుల మీద సాగాయో ఇంతకన్నా తేటగా చెప్పే ఉదంతం దొరకడం కష్టం.

ఆ శాలలో ఏం ఆడారు? షేక్స్‌పియర్ ఉన్నాడు గాని సింహాసనం మీద లేడు. ఫార్కర్, ఆట్వే, షెరిడన్, కోల్మన్ వంటి వారి నాటకాలు, వాటి వెనుక ఒక చిన్న ప్రహసనం, ఇదీ రివాజు. 1813 నవంబరు 25న తెరిచిన చౌరంగీ థియేటర్ మొదటి ఆట షేక్స్‌పియర్ కాదు, ఎం. జి. లూయిస్ రాసిన దయ్యాల కోట కథ 'కాసిల్ స్పెక్టర్'. ఇంటికి వేల మైళ్ళ దూరంలో, ఎండకూ జ్వరాలకూ భయపడుతూ బతికే కంపెనీ ఉద్యోగులకు కావలసింది లండన్‌లో నిన్నమొన్న ఆడిన ఆట, నవ్వు, నాలుగు పాటలు, తమవాళ్ళందరూ ఒకచోట కూడే సందర్భం.

నటులు కూడా ఆ ఉద్యోగులే. పగలు లెడ్జర్లు రాసే గుమాస్తా, కవాతు చేసే లెఫ్టినెంటు రాత్రికి రాజులయ్యేవారు. మొదట్లో స్త్రీ పాత్రలు కూడా మగవాళ్ళే వేశారు. 1789లో ఎమ్మా బ్రిస్టో అనే దొరసాని చౌరంగీలోని సొంత ఇంట్లో వేదిక కట్టించి తానే నటించేసరికి ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. టిక్కెట్టు ధరలను బట్టి చూస్తే శాలలో ఎవరు కూర్చున్నారో తెలుస్తుంది. బాక్సుకు ఒక బంగారు మొహరు, కింది తరగతికి ఎనిమిది రూపాయలు. బంట్రోతు నెల జీతం కూడా అంత ఉండని రోజులవి.

ఇది కలకత్తాకు మాత్రమే చెందిన తీరు కాదు. 1752 సెప్టెంబరు 15న అమెరికాలోని వర్జీనియా వలసరాజ్యపు విలియమ్స్‌బర్గ్‌లో లూయిస్ హాలమ్ బృందం లండన్ నుంచి వచ్చి 'మర్చంట్ ఆఫ్ వెనిస్' ఆడింది. 1789 జూన్ 4న, రాజుగారి పుట్టినరోజున, సిడ్నీలో శిక్షపడ్డ ఖైదీలు ఫార్కర్ నాటకం 'ది రిక్రూటింగ్ ఆఫీసర్' ప్రదర్శించారు. ఆ రెండు చోట్లా వలసవచ్చినవాళ్ళు అక్కడే స్థిరపడ్డారు కాబట్టి ఆ నాటకం వాళ్ళ సొంత సంప్రదాయంగా కొనసాగింది. ఇండియాలో తెల్లవాళ్ళు పిడికెడు మంది, అదీ ఉద్యోగం ముగిసేదాకా ఉండేవాళ్ళు. వాళ్ళ చందాల మీద మాత్రమే బతికే శాలకు ఆయుష్షు తక్కువ. 1775 శాల 1808లో మూతపడింది. చౌరంగీ థియేటర్ అప్పుల్లో మునిగితే 1835లో కొని కాపాడింది ద్వారకానాథ ఠాకూర్, అంటే రవీంద్రుని తాతగారు. నాలుగేళ్ళకు అది అగ్నికి ఆహుతైంది. సాన్ సూసీని నిలబెట్టిన ఎస్తర్ లీచ్ 1843లో నాటకం నడుస్తుండగా దుస్తులకు దీపం అంటుకుని కాలిపోయి, కొద్దిరోజులకే మరణించింది. నూనె దీపాల యుగంలో నాటకశాల అంటే ప్రాణాలతో చెలగాటమే. ఐదేళ్ళ తరువాత అదే వేదిక మీద డెస్డిమోనా కట్టిన మిసెస్ ఆండర్సన్ ఆమె కూతురు.

దేశీయ ధనికుని డబ్బుతో శాల, దేశీయ కథానాయకుడితో ఒథెల్లో: ఇంగ్లీషు నాటకశాల తలుపు తెరుచుకున్నది ఉదారభావం వల్ల కన్నా ఖజానా ఖాళీ కావడం వల్లనే ఎక్కువ.

ఒక రష్యన్ చేసిన ప్రయోగం

తలుపు బయట మరో ప్రయోగం అప్పటికే జరిగింది. గెరాసిమ్ లెబెదెవ్ అనే రష్యన్ సంగీతకారుడు 1785లో మద్రాసు చేరి, రెండేళ్ళు అక్కడ ఉండి కలకత్తా వెళ్ళాడు. గోలోక్‌నాథ్ దాస్ దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడు. 'ది డిస్‌గైజ్' అనే ఇంగ్లీషు ప్రహసనాన్ని బెంగాలీ చేసి, డోమ్‌తలా వీధిలో సొంతంగా శాల కట్టి, 1795 నవంబరు 27న ప్రదర్శించాడు. స్త్రీ పాత్రలు బెంగాలీ స్త్రీలే ధరించారు. కథా స్థలాన్ని స్పెయిన్ నుంచి మన దేశానికి మార్చాడు, భారతచంద్రుని పాటలు చేర్చాడు. మరుసటి మార్చిలో రెండో ప్రదర్శన జరిగింది. ఆ తరువాత ఇంగ్లీషు నాటకశాల వాళ్ళతో పోటీ, అప్పులు, కోర్టు గొడవలు అతన్ని ముంచేశాయి. 1797లో దేశం విడిచి వెళ్ళిపోయాడు.

1801లో లండన్‌లో అచ్చయిన తన వ్యాకరణ గ్రంథానికి రాసిన ముందుమాటలో లెబెదెవ్ తన ఎంపికకు కారణం చెప్పుకున్నాడు. ఇక్కడి ప్రేక్షకులు గంభీరమైన నీతి మాటల కన్నా అనుకరణనూ హాస్యాన్నీ ఇష్టపడతారని గమనించి ప్రహసనాన్ని తీసుకున్నాడట. ఆ మాటలో కొంత చులకన ఉండవచ్చు. కాని అతను మొదట చూసింది ప్రేక్షకులను, తరువాతే పుస్తకాన్ని. పేర్లు మార్చడం, ఊరు మార్చడం, పాటలు కలపడం, నటీమణులను తీసుకోవడం: వందేళ్ళ పాటు భారతీయ నాటక కంపెనీలు పరదేశీ నాటకానికి చేసిన మార్పులన్నీ ఈ రెండు ప్రదర్శనల్లోనే కనిపిస్తాయి. అతని వెనుక ఎవరూ రాలేదు కాబట్టి దీన్ని బెంగాలీ నాటకానికి మూలం అనలేం. కాని సరైన దారి ఏదో ముందుగా పసిగట్టినవాడు మాత్రం అతనే.

బడిలో షేక్స్‌పియర్

పరదేశీ నాటకం దేశీయులకు పుస్తకంగా అందింది తరగతి గదిలో. కలకత్తా హిందూ కాలేజీలో డి. ఎల్. రిచర్డ్‌సన్ షేక్స్‌పియర్ పాఠం చెప్పేవాడు, విద్యార్థులను చౌరంగీ నాటకాలకు వెళ్ళమని ప్రోత్సహించేవాడు. 1831లో ప్రసన్నకుమార్ ఠాకూర్ తన తోటలో పెట్టిన హిందూ థియేటర్ మొదటి రోజు కార్యక్రమం ఆ తరం మనసుకు అద్దం పడుతుంది. అందులో ఒకటి 'జూలియస్ సీజర్' నుంచి కొన్ని రంగాలు, రెండోది భవభూతి 'ఉత్తరరామచరితం', అదీ హెచ్. హెచ్. విల్సన్ ఇంగ్లీషు అనువాదంలో. సంస్కృత నాటకం కూడా ఇంగ్లీషు దుస్తులు వేసుకుంటే గాని ఆ వేదిక ఎక్కలేదు. 1853లో ఓరియంటల్ సెమినరీ పూర్వ విద్యార్థులు 'ఒథెల్లో', ఆ తరువాత 'మర్చంట్ ఆఫ్ వెనిస్' ఇంగ్లీషులోనే ఆడారు.

ఈ ధోరణిని విశ్లేషించిన వారిలో గౌరి విశ్వనాథన్ ముఖ్యురాలు. 1989లో వెలువడిన 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్'లో ఆమె చేసిన వాదన ప్రసిద్ధం: ఇంగ్లీషు సాహిత్యం ఇంగ్లండులో కన్నా ముందే ఇండియాలో పాఠ్యాంశంగా పాతుకుంది, అది పాలనకు పనికివచ్చే మనుషులను తయారుచేసే సాధనం. తరగతి గది వరకు ఈ వాదన బలంగా నిలుస్తుంది. రంగస్థలం దగ్గరికి వచ్చేసరికి కొంత సడలుతుంది. పరీక్షలో మార్కులు వేసేవాడు ఒక్క అధ్యాపకుడు. నాటకంలో మార్కులు వేసేవాళ్ళు వందలమంది, వాళ్ళు డబ్బిచ్చి మరీ వచ్చినవాళ్ళు. పాలకుడు కోరిన అర్థాన్నే వాళ్ళు తీసుకోవాలన్న నియమం లేదు.

దీనికి తిరుగులేని రుజువు గిరీశ్ చంద్ర ఘోష్ 'మాక్‌బెత్'. 1893 జనవరి 28న కలకత్తా మినర్వా థియేటర్ ఆ నాటకంతోనే తెరుచుకుంది. అనువాదం గిరీశ్‌దే, మాక్‌బెత్ పాత్ర కూడా ఆయనదే. లేడీ మాక్‌బెత్‌గా తీన్‌కడి దాసి నటించింది. అర్ధేందు శేఖర్ ముస్తఫీ ఒక్కడే మంత్రగత్తె మొదలు ద్వారపాలకుడి వరకు అనేక వేషాలు కట్టాడు. తెరలు రాయడానికి, వేషధారణకు తెల్ల నిపుణులను పెట్టారు. మూలానికి ఇంత విధేయంగా బెంగాలీలో మరో షేక్స్‌పియర్ నాటకం అప్పటికి రాలేదు. చదువుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు, జనం రాలేదు. తరువాత గిరీశ్ వేసిన పాటల నాటకం 'ఆబూ హుసేన్'కు శాల నిండింది. షేక్స్‌పియర్‌ను షేక్స్‌పియర్‌గానే చూపాలన్న కోరిక చదువుకున్నవాడిది, నాటకశాలను నిలబెట్టే బాధ్యత ప్రేక్షకుడిది. వలసకాలమంతా ఆ ఇద్దరి మధ్య పేచీ నడుస్తూనే ఉంది.

బొంబాయి బేరం

బొంబాయిలో ఇంగ్లీషు నాటకశాల 1776లో వెలసి, అప్పుల పాలై, 1835లో జంషెడ్జీ జీజీభాయ్ చేతికి వెళ్ళింది. 1846లో జగన్నాథ్ శంకర్‌సేఠ్ చొరవతో గ్రాంట్ రోడ్డులో కొత్త శాల వచ్చింది. అది కోటకు దూరం, బజారుకు దగ్గర. తెల్లవాళ్ళు అంతదూరం రావడానికి బద్ధకించారు, దేశీయ ప్రేక్షకులు ఆ ఖాళీని నింపారు. 1853లో అక్కడ విష్ణుదాస్ భావే మరాఠీ నాటకాలు ఆడాడు, అదే ఏడు పార్సీ నాటక మండలి మొదలైంది. 1868లో విక్టోరియా నాటక మండలి వచ్చింది. చిత్రించిన తెరలు, యంత్రాలతో చేసే వింతలు, ముందుగా టిక్కెట్లు, ప్రకటించిన వేళకు ఆట: ఇంగ్లీషు శాల పద్ధతులన్నింటినీ పార్సీ యజమానులు వ్యాపార పరికరాలుగా స్వీకరించారు. భాష మాత్రం గుజరాతీ, తరువాత ఎక్కువగా ఉర్దూ. మేరీ ఫెంటన్ వంటి యూరోపియన్ సంతతి నటి కూడా ఆ భాషల్లోనే పాడి నటించి పేరు తెచ్చుకుంది.

షేక్స్‌పియర్‌ను నిజంగా జనంలోకి తీసుకెళ్ళింది ఈ కంపెనీలు. 'హామ్లెట్' మెహదీ హసన్ 'అహ్సన్' చేతిలో 'ఖూన్-ఎ-నాహక్' అయింది. 'కింగ్ లియర్' ఆగా హశ్ర్ కాశ్మీరీ చేతిలో 'సఫేద్ ఖూన్' అయింది. పాటలు వచ్చాయి, హాస్యానికి ఒక ఉపకథ వచ్చింది, లియర్ కథ సుఖాంతమైంది. చదువుకున్న విమర్శకులు దీన్ని ఘోర అపచారమన్నారు. 1933లో 'ది ఇండియన్ థియేటర్' రాసిన ఆర్. కె. యాజ్ఞిక్ నుంచి చాలాకాలం వరకు చరిత్రకారులు పార్సీ షేక్స్‌పియర్‌ను సంకోచంతోనే ప్రస్తావించారు.

ఈ తిట్టులో ఒక మతిమరుపు ఉంది. నహుమ్ టేట్ 1681లో 'కింగ్ లియర్'ను తిరగరాసి, లియర్‌ను బతికించి, కార్డీలియాకు పెళ్ళి చేశాడు. ఇంగ్లీషు రంగస్థలం మీద ఆ సుఖాంతమే సుమారు 150 ఏళ్ళు రాజ్యమేలింది. 1838లో మాక్రెడీ వచ్చి మూలాన్ని తిరిగి నిలబెట్టాడు. 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' కూడా అంతే, గారిక్ కత్తిరించి అతికిన 'క్యాథరిన్ అండ్ పెట్రూచియో' రూపంలోనే చాలాకాలం ఆడింది. కలకత్తా మొదటి శాలల కాలంలో ఓడల్లో దిగిన షేక్స్‌పియర్ లండన్ నాటక కంపెనీలు అప్పటికే కోసి కుట్టిన షేక్స్‌పియర్. 'అసలు' షేక్స్‌పియర్‌ను మనవాళ్ళు పాడుచేశారనే వాదన, ఇంగ్లీషువాళ్ళు ఏం చేశారో చూడకుండా చేసిన వాదన. ఆగా హశ్ర్ చేసిన పని టేట్ చేసిన పని కన్నా భిన్నమైనది కాదు. ఇద్దరూ తమ శాలలో కూర్చున్నవాళ్ళను చూసి రాశారు.

మరాఠీవాళ్ళు నడిమి దారి తొక్కారు. అగర్కర్ 1883లో 'హామ్లెట్'ను 'వికారవిలసిత'గా, దేవల్ 1890లో 'ఒథెల్లో'ను 'ఝుంఝారరావు'గా రాశారు. పేర్లు, ఆచారాలు మార్చినా విషాదాంతాన్ని ఉంచారు. గణపతరావ్ జోషీ వంటి నటుడు దొరకడంతో హామ్లెట్ కూడా జనం మెచ్చిన పాత్ర అయింది. బెంగాల్‌లో ఓడిన విధేయత ఇక్కడ నెగ్గిందంటే, ఆ గెలుపులో అనువాదకుడి వాటా ఎంతో, ఊరూరా తిరిగిన కంపెనీ వాటా అంతే.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ప్రయాణం దగ్గరై, పుస్తకాలతో పాటు పూర్తి బృందాలు రావడం పెరిగింది. డేనియల్ బాండ్‌మన్ షేక్స్‌పియర్ పాత్రలతో ప్రపంచయాత్ర చేస్తూ 1880ల తొలినాళ్ళలో ఇండియాలో ఆడాడు. అతని కొడుకు మారిస్ బాండ్‌మన్ 1908లో కలకత్తాలో ఎంపైర్ థియేటర్ తెరిచాడు, ఆ తరువాత బొంబాయి రాయల్ ఆపెరా హౌస్ నిర్మాణంలో భాగస్వామి అయ్యాడు. ఓడ రేవుల వెంట అతని బృందాలు తిప్పినవి ఎక్కువగా సంగీత హాస్య నాటకాలే. తెల్లవాళ్ళ శాలలో చివరిదాకా ఏలింది వినోదమే. షేక్స్‌పియర్ పీఠం బడిలోనే భద్రంగా ఉంది.

తెలుగునాట రెండు దారులు

మద్రాసులో ఎగ్మూరు పాంథియన్ తెల్లవాళ్ళ విందులకూ నాటకాలకూ నెలవు. అదే ఆవరణలో 1896లో మ్యూజియం థియేటర్ లేచింది. దేశీయులకు అందివచ్చినది విక్టోరియా పబ్లిక్ హాలు. దానికి 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. తెలుగు జమీందారు ధనం మద్రాసు నాటకానికి ఇలా పునాది వేసింది గాని, కోస్తా తెలుగు జిల్లాల్లో మాత్రం అలాంటి శాల లేదు. తెలుగు నాటకం తాటాకు పాకల్లో మొదలైంది.

పుస్తకం ముందు వచ్చింది. వావిలాల వాసుదేవశాస్త్రి 1870ల నడిమి 'జూలియస్ సీజర్'ను తెలుగు పద్యంలోకి తెచ్చారు. 1880 ప్రాంతంలో గురజాడ శ్రీరామమూర్తి 'మర్చంట్ ఆఫ్ వెనిస్'ను తెలుగు చేశారు. ఇవి చదువరుల చేతికి చేరాయి, వేదిక మెట్లు ఎక్కలేదు. వేదిక మరోవైపు నుంచి వచ్చింది. పడమటి నుంచి బయలుదేరిన ధార్వాడ నాటక సమాజం 1880 ప్రాంతంలో కోస్తా పట్టణాల్లో పాకలు వేసి ఆడింది. వాళ్ళు ఆడిన భాష ఇక్కడి జనానికి పూర్తిగా తెలియదు. రంగుల తెరలు, మిలమిలలాడే దుస్తులు, పాటలు, దీపాల వెలుగు చూసి జనం విరగబడ్డారు. ఎంత మోజు పుట్టిందంటే, మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమకవి తెలుగు ప్రేక్షకుల కోసం హిందుస్తానీలోనే నాటకాలు రాశారు. తెలుగువాళ్ళకు 'దిగుమతి నాటకం' అంటే మొదట ఇంగ్లీషు నాటకం కాదు, పడమటి నాటకం. మన పరిశోధన ఇంగ్లీషు పుస్తకాల మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా ఈ రెండో దిగుమతి మీద పెట్టవలసి ఉంది.

ఈ రెండు దారులు ఒకసారి రాజమండ్రిలో కలిశాయి. ధార్వాడ వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలిన పాకలో కందుకూరి వీరేశలింగం విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. అందులో ఒకటి 'చమత్కార రత్నావళి', అంటే షేక్స్‌పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు తెలుగు రూపం. బడి నుంచి పుస్తకం, పడమటి కంపెనీ నుంచి వేదిక, నటులు విద్యార్థులు. పంతులుగారు మనుషుల పేర్లు, కథ జరిగే చోటు దేశీయం చేశారు. తరువాత షెరిడన్ నాటకాలను కూడా తెలుగు చేశారు. ఆయన ఎంచుకున్నవి ఎక్కువగా హాస్య నాటకాలు. సంఘసంస్కర్తకు ప్రహసనం చేతికి అందిన ఆయుధం కాబట్టి ఆ ఎంపిక సహజమే. కాని ఆ కలయిక నిలవలేదు. విద్యార్థి సమాజాలకు ఏడాదికి ఒకటి రెండు ఆటలు చాలు. ఊరూరా తిరిగి, రోజూ ఆడి, షేక్స్‌పియర్‌ను తెలుగు జనానికి అలవాటు చేసే కంపెనీ ఏదీ పుట్టలేదు. 1885లో 'కీచక వధ'తో మొదలైన సురభి అలాంటి కంపెనీయే, స్త్రీలు కూడా నటించిన కుటుంబ బృందం. వాళ్ళ బలం మాత్రం పురాణం.

బళ్ళారిలో వేరే పని జరిగింది. ధర్మవరం కృష్ణమాచార్యులు షేక్స్‌పియర్‌ను అనువదించకుండా, ఆయన నాటక నిర్మాణాన్ని తీసుకున్నారు. నాటకాన్ని అంకాలతో పాటు రంగాలుగా విడదీశారు, పద్యం మధ్య పాట పెట్టారు. అన్నింటికన్నా సాహసం 'విషాద సారంగధర'. మన సంప్రదాయంలో నాటకం మంగళంతో ముగియాలి. సారంగధరుడి పాత కథలో కూడా చివరికి నరికిన కాళ్ళూ చేతులూ తిరిగి వస్తాయి. కృష్ణమాచార్యులు విషాదంతోనే తెర దించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే చెబుతారు. ఆ ఊళ్ళోనే కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాస్తూ, 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో వెలువరించారు. కృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్ళారి రాఘవ చిన్ననాడే అక్కడ షేక్స్‌పియర్ క్లబ్బు పెట్టారు. అరుపులూ రాగాలూ తగ్గించి పాత్ర మనసును పలికించే రాఘవ అభినయంలో ఆ చదువు ఉంది.

బళ్ళారి ప్రభావం తెలుగు దాటింది. 1891లో కృష్ణమాచార్యుల బృందం మద్రాసులో ఆడిన తెలుగు నాటకాలు చూసి పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడు సుగుణ విలాస సభ స్థాపించినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆ సభలో వకీళ్ళు, ఉద్యోగులు నటులు. తరువాత మొదలియార్ 'హామ్లెట్'ను 'అమలాదిత్యన్'గా తమిళంలో ఆడారు. తెలుగు నాటకం చూసి కదిలిన తమిళ రచయిత చేతిలో హామ్లెట్ తమిళుడయ్యాడు. ఇంగ్లీషు నాటకం ఒక భారతీయ భాష నుంచి మరో భారతీయ భాషకు ఇలా పక్కదారిన కూడా నడిచింది. ఇంగ్లండు నుంచి ఒక్కొక్క భాషకు విడివిడిగా గీతలు గీసే పటంలో ఈ పక్కదారులు కనిపించవు.

జాత్రాకు మినహాయింపు, శాలకు పోలీసు

శాల అనే ఏర్పాటుతో పాటు శాలను అదుపులో పెట్టే చట్టం కూడా వచ్చింది. దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' ఇంగ్లీషు అనువాదాన్ని అచ్చువేయించినందుకు 1861లో జేమ్స్ లాంగ్ అనే పాదిరీకి నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. 1872 డిసెంబరు 7న అదే నాటకంతో కలకత్తాలో నేషనల్ థియేటర్ టిక్కెట్టు పెట్టి ప్రజల ముందుకు వచ్చింది. 1876లో యువరాజు పర్యటన సందర్భంగా ఒక బెంగాలీ ప్రముఖుడి భక్తిని వెక్కిరించిన 'గజదానంద' ప్రహసనం పడేసరికి ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. మతోత్సవాల్లో జరిగే జాత్రా అనే జానపద నాటకాలకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. వీధిలో పాడుకునే పురాణం వల్ల ప్రమాదం లేదని, కప్పు కింద టిక్కెట్టు కొని కూర్చున్న జనం వల్లనే ప్రమాదమని పాలకులు లెక్కగట్టారన్నమాట.

ఫలితం రెండు వైపులా పడింది. సమకాలీన కథ ప్రమాదం కావడంతో కంపెనీలు పురాణానికీ చరిత్రకూ మళ్ళాయి. పరదేశీ రాజుల కథలు కూడా ఆ నీడలో క్షేమంగా ఉన్నాయి. డెన్మార్క్ రాజు హత్యను ఏ పోలీసూ రాజద్రోహం అనడు.

వాదాలు, తూకం

ఈ విషయం మీద ఇప్పటిదాకా మూడు రకాల చరిత్రలు వచ్చాయి. మొదటిది పునరుజ్జీవన కథ: ఇంగ్లీషు నాటకం తగిలి దేశం మేల్కొంది. యాజ్ఞిక్ మొదలు మన పాఠ్యపుస్తకాల వరకు ఇదే స్వరం. రెండోది అధికారం కథ: షేక్స్‌పియర్ పాలకుడి పనిముట్టు. మూడోది ఇటీవలిది. కాథరిన్ హాన్సెన్ వంటివారు పార్సీ రంగస్థలం మీద చేసిన పని, పూనం త్రివేది, డెనిస్ బార్తలోమ్యూజ్ 2005లో సంకలించిన 'ఇండియాస్ షేక్స్‌పియర్' ఈ కోవలోవి. ఇవి అనుకరణ, అపభ్రంశం అనే మాటలను పక్కనపెట్టి, కంపెనీలు చేసిన మార్పులను సృజనగా చదువుతాయి. తెలుగులో పి. ఎస్. ఆర్. అప్పారావు 'తెలుగు నాటక వికాసం', మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి నాటకరంగ చరిత్రలు సమాజాల పేర్లను, నటుల పేర్లను మరుగున పడకుండా కాపాడాయి. వాటి రుణం పెద్దది. వాటి మొగ్గు మాత్రం రచన, నటన వైపే. శాల ఎవరు కట్టారు, కంట్రాక్టరు ఎంత పెట్టాడు, తెర ఎక్కడ రాయించారు అన్న లెక్కలు వాటిలో అక్కడక్కడా మాత్రమే మెరుస్తాయి.

మూడు కథల్లోనూ నిజం ఉంది, మూడూ నాటక పాఠం చుట్టూ తిరుగుతాయి. శాలను మధ్యలో పెడితే లెక్క మారుతుంది. సొంతవాళ్ళ కోసం మాత్రమే నడిచిన శాల ఎంత గొప్ప నాటకం ఆడినా చివరికి నిలవలేదు. మూలానికి కట్టుబడ్డ మినర్వా 'మాక్‌బెత్' విఫలమైంది, కథను కోసి కుట్టిన పార్సీ కంపెనీలు దేశమంతా తిరిగాయి. తెలుగులో షేక్స్‌పియర్ పాఠంగా రంగస్థలం మీద వేళ్ళు తన్నలేదు. ఆ లోటుకు కారణం అనువాదకుల ప్రతిభ తక్కువ కావడం కాదు, ఆ అనువాదాలను భుజాన వేసుకునే వృత్తి కంపెనీ లేకపోవడం. ధార్వాడ తెరలు, బళ్ళారి విషాదాంతం, రంగ విభజన మాత్రం తెలుగు నాటకంలో కలిసిపోయాయి. వాటిని పరదేశీ సొత్తు అని ఇప్పుడెవరూ గుర్తుపట్టరు.

కాబట్టి తెలుగు నాటకానికి ఇంగ్లీషు రుణం ఎంత అన్న ప్రశ్నకు అనువాదాల పట్టిక సమాధానం చెప్పలేదు. పట్టికలో ఘనంగా ఉన్న పుస్తకాలు వేదిక మీద లేవు, వేదికను మార్చిన ధార్వాడ బృందం పట్టికలో లేదు. ఇకముందు రాసే చరిత్ర 1880 నాటి రాజమండ్రి పాక దగ్గర మొదలుకావాలి. ఆ పాక ఎవరిది, ఆ తెరలు ఏ ఊరివి, ఆ నాటకం ఏ పుస్తకంలోది అన్న మూడు ప్రశ్నలకూ మూడు వేర్వేరు జవాబులు వస్తాయి. ఆ మూడింటినీ కలిపి చెప్పినప్పుడే వలసకాలపు తెలుగు నాటకం గురించి చెప్పినట్టు.